యారో ఫంక్షన్‌కి సంత చెప్పుకున్న రోజులు

జావాస్క్రిప్టు నాకు నేర్పింది మా మరదలు, మావయ్య కూతురు. శృంగవరపుకోటలో వాళ్లింటి మేడ మీద గదిలో కూర్చుని విశాఖపట్నం కంపెనీకి పనిచేసేది. నేను శ్రీకాకుళంలో, అరసవల్లి వెళ్లే దారిలో ఉన్న మా ఇంట్లో, నాన్నతోపాటు పౌరోహిత్యం చేసేవాణ్ని. ఇప్పటికీ అదే చేస్తున్నాను. కాబట్టి ఈ కథ ఎటు పోతుందో మీకు ఇప్పుడే తెలిసిపోయి ఉంటుంది. పోనివ్వండి. దాచినా దాగేది కాదు.

మా ఇద్దరికీ పెళ్లి చేయాలని అమ్మ ఎప్పటినుంచో అనుకునేది. మేమూ అనుకున్నాం. ఆ పిల్లంటే నాకు ప్రాణం. మావయ్య మాత్రం ఒకరోజు మా అరుగు మీద కూర్చుని, కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, మొహమాటం లేకుండా చెప్పేశాడు.

"అల్లుడూ, నీ మీద నాకేటీ కోపం లేదు. బంగారం లాంటోడివి. కానీ పంతులికి పిల్లనిచ్చీసేడంటే మా ఆఫీసులో నవ్వుతారు. కంపెనీలో ఉద్యోగం తెచ్చుకో. వెంటనే ముహూర్తం ఎట్టించీస్తాను."

ఆయన తండ్రీ పంతులే. ఆ సంగతి గుర్తు చేసే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది. నాకు ఒళ్లు మండింది గానీ, ఆయన్ని ఒక్కణ్నే తిట్టి ఏం లాభం? మా వీధిలో నాకంటే పెద్దవాళ్లు, చదువు క్షుణ్ణంగా వచ్చినవాళ్లు, ఊరందరి పెళ్లిళ్లూ చేయించి తమకి మాత్రం పిల్ల దొరక్క అలాగే ఉండిపోయారు. పెళ్లిచూపులకి వెళ్తే 'అబ్బాయి ఏం చేస్తాడు' అన్న ప్రశ్న దగ్గరే మాటలు ఆగిపోతాయి. ఆ తరవాత పెట్టే ఉప్మా తినడమంత నరకం ఇంకోటి లేదు. నాకూ డిగ్రీ ఉంది, ఇంట్లో కూర్చుని చదివి పరీక్షలు రాసిన డిగ్రీ. ఆ కాగితం చూసి ఉద్యోగమిచ్చే నాథుడు జిల్లాలో లేడు.

"అలా మొగం ఏలాడేసుకోకు బావా" అంది మరదలు ఫోన్లో. "నేను నేర్పుతాను కదా. మా కంపెనీలో కొత్తోళ్లని తీసుకుంటన్నారు, నీ పేరు నేను సెప్తాను. జావాస్క్రిప్టు గట్టిగా వస్తే ఇంకేటీ అడగరు. నీ బుర్రేటి మామూలు బుర్రా?"

మా ఇళ్లల్లో పెద్దవాళ్లు 'చెప్పు' అంటారు. మేం పిల్లలం బడిలోనూ వీధిలోనూ అందరితో పెరిగి 'సెప్పు' అంటాం. పెద్దల ముందు నాలిక సర్దుకుంటాం. ఫోన్లో పెద్దలుండరు కదా, ఇద్దరం హాయిగా మాకొచ్చిన భాషలోనే మాట్లాడుకునేవాళ్లం.

నా బుర్ర మామూలుది కాదన్న మాట నిజమే. అదే నా కొంప ముంచింది. ఎలాగో తెలియాలంటే మా ఇంట్లో చదువు చెప్పే పద్ధతి తెలియాలి. దాన్ని సంత చెప్పడం అంటారు. గురువు ఒక ముక్క అంటాడు. శిష్యుడు ఆ ముక్కనే, అదే స్వరంతో, అదే విరుపుతో, నోటికి వచ్చేదాకా అంటూనే ఉంటాడు. పుస్తకం చూడకూడదు. అర్థం అడగకూడదు. అడిగితే నాన్న, "ముందు నోటికి రానీరా, అర్థం ఎక్కడికి పోతుంది" అనేవాడు. అక్షరం మార్చడమంత పాపం మరోటి లేదు. చిన్నప్పుడు నాన్న ఒక మంత్రం మధ్యలో గొంతు సవరించుకుంటే, నేను రోజూ సరిగ్గా అక్కడే గొంతు సవరించుకునేవాణ్నట. అమ్మ ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వుతుంది.

పాఠాలు మధ్యాహ్నం పూట జరిగేవి. ఆమె భోజనం చేసే వేళ, నేను పూజలు ముగించుకుని ఇంటికి చేరే వేళ. తన పాత ల్యాప్‌టాప్ ఒకటి నాకు పంపింది. ఉత్తరీయం తీసి కుర్చీకి వేసి దాని ముందు కూర్చునేవాణ్ని. ఫంక్షన్ అంటే ఒక పనికి పేరు పెట్టి పక్కన పెట్టుకోవడం, ఆ పేరుతో పిలిస్తే అది వచ్చి పని చేసిపెడుతుంది అని చెప్పింది. ఇంతవరకూ బాగానే ఉంది. కొన్నాళ్లకి యారో ఫంక్షన్ దగ్గరకి వచ్చాం.

"ఇదీ ఫంక్షనే బావా, పొట్టిగా రాసుకుంటాం అంతే. 'ఫంక్షన్' అన్న మాట తీసీ. సమానం గుర్తు ఏసి దాని పక్కన బాణం మొన ఎట్టు. రెండు అంకెలు కూడాలనుకో, ఇంతే."

తెర మీద కనపడింది.

(a, b) => a + b

ముచ్చటగానే ఉంది. నేను వెంటనే అందుకున్నాను. "బ్రాకెట్టు, ఏ, కామా, బీ, బ్రాకెట్టు, బాణం..."

"ఆగాగు. లోపలికి పంపే అంకె ఒక్కటే అయితే ఆ బ్రాకెట్లు అక్కర్లేదు. ఎట్టినా తప్పు లేదు. పని పెద్దదైతే బాణం తరవాత ఫ్లవర్ బ్రాకెట్లు ఎట్టాలి. అవి ఎడితే లోపల రిటర్న్ అని రాయాలి. రాయకపోతే లోపల పనంతా సేస్తాది గానీ నీ సేతికి ఏటీ ఇవ్వదు. ఫ్లవర్ బ్రాకెట్లు లేకపోతే మాత్రం రిటర్న్ రాయకపోయినా ఇచ్చీస్తాది."

నాకు కళ్లు తిరిగాయి. పెట్టినా తప్పు లేదు, పెట్టకపోయినా తప్పు లేదు! అలాంటి చదువు నేను పుట్టాక వినలేదు. మర్నాడు సాయంత్రం అరుగు మీద కూర్చుని వల్లె వేస్తుంటే లోపల్నుంచి నాన్న కేక వేశాడు. అప్పటికే ఆయన గొంతు బొంగురుపోయి పెద్ద కార్యాలన్నీ నా మీద పడ్డాయి. చెవులు మాత్రం పాము చెవులు.

"ఏట్రా, నిన్న 'ఏ'కి అటూ ఇటూ బ్రాకెట్లన్నావు, ఇవాళ అనలేదు. తప్పుపోయింది, చూసుకో."

"తప్పు కాదు నాన్నా, ఎలా అన్నా పరవాలేదట."

"ఎలా అన్నా పరవాలేకపోతే అదేం చదువురా!"

నాన్న అన్నది నాకూ న్యాయంగానే తోచింది. అందుకని ఒక పని చేశాను. ప్రతి రకాన్నీ ఒక విడి పాఠంగా చేసుకుని, అన్నిటికీ సంత చెప్పుకున్నాను. బ్రాకెట్లున్నది, లేనిది, రిటర్నున్నది, లేనిది. కొత్త కాలనీల్లో గృహప్రవేశాలకి బండి మీద వెళ్తూ అవే అనుకునేవాణ్ని. దారిలో నన్ను చూసినవాళ్లు పంతులుగారు మంత్రాలు మననం చేసుకుంటున్నారనుకుని దణ్ణం పెట్టేవాళ్లు. నేనూ తలూపేవాణ్ని.

ఆ తరవాత వచ్చింది అసలు ముల్లు. దాని పేరు దిస్. ఫంక్షన్ తన పనిలో దిగాక 'ఇప్పుడు నేనెవరి మనిషిని' అని చూసుకోవాల్సి వస్తే, ఆ జవాబు ఉండే చోటు దిస్ అట. ఇంటర్వ్యూల్లో అందరూ దీన్నే అడుగుతారు, దీని దగ్గరే అందరూ పడతారు అని మరదలు ముందే భయపెట్టింది. ఎంతో ఆలోచించి నాకోసం ఒక ఉదాహరణ తయారు చేసింది.

"మామూలు ఫంక్షను అద్దెకున్నోడు బావా. ఏ ఇంట్లో దిగితే ఆ ఇంటి అడ్రసే సెప్తాడు. దాన్ని ఎవరు పిలిస్తే వాళ్లదే దాని దిస్సు. యారో ఫంక్షను సొంతిల్లున్నోడు. ఎవరు పిలిసినా, ఏ ఊళ్లో అడిగినా తన ఇంటి అడ్రసే సెప్తాడు. ఎవరు పిలిసేరో దానికి అక్కర్లేదు. తను ఎక్కడ పుట్టిందో అక్కడి దిస్సే దాని దిస్సు. అర్థమైందా బావా?"

అర్థమైందన్నాను. నిజంగానే అయిందనుకున్నాను. రెండు రోజులాగి ఆమె, "ఏదీ, యారో ఫంక్షను గురించి సెప్పు సూద్దాం" అంది. అద్దెకున్నవాడి దగ్గర మొదలుపెట్టి సొంతిల్లున్నవాడి దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. అవతల ఆమె కేరింత కొట్టింది.

"బాబోయ్ బావా! మా టీములో ఉన్నోళ్లకే ఇంత బాగా రాదు. నీకు ఉద్యోగం వచ్చీసినట్టే పో."

ఆ సంగతి వాళ్ల నాన్నకీ చెప్పింది. మావయ్య స్వయంగా ఫోన్ చేసి, "ఏట్రా అల్లుడూ, దున్నీస్తన్నావట!" అన్నాడు. అమ్మ పాయసం చేసింది. నాన్న పాయసం తాగి లేచిపోయాడు. నేను వెళ్లిపోతే తనతో పూజలు చేయించుకునే యజమానుల ఇళ్లకి ఎవరు వెళ్తారన్న బెంగ ఆయనది. అయినా ఆ కొద్దిరోజులూ నేను సంతోషంగా ఉన్నాను, అబద్ధమెందుకు. చొక్కాలు రెండు కొనుక్కున్నాను కూడా.

ఇంటర్వ్యూ వీడియోలో జరిగింది. పిలక కనపడకుండా వెనక్కి దువ్వి, బొట్టు చెరిపేసి, కొత్త చొక్కా వేసుకుని కూర్చున్నాను. అవతల నాకంటే చిన్నవాడు, మర్యాదస్తుడు, తెలుగులోనే మాట్లాడాడు. రెండు మామూలు ప్రశ్నలు వేసి, "యారో ఫంక్షన్‌కీ మామూలు ఫంక్షన్‌కీ తేడా చెప్పండి" అన్నాడు.

నా గుండె ఎగిరి గంతేసింది. ఎత్తుకున్నాను. అద్దెకున్నవాడు, అడ్రసు, సొంతిల్లు, పుట్టిన చోటు. ఎక్కడా తడబడలేదు. అతను కళ్లు పెద్దవి చేసుకుని వింటున్నాడు. ఆ ఊపులో చివరి ముక్క కూడా వచ్చేసింది.

"అర్థమైందా బావా?"

అతను ఒక్క క్షణం బిత్తరపోయి, పగలబడి నవ్వాడు. "అర్థమైంది బావా" అన్నాడు. మంచివాడు. నాకు మాత్రం చెవులు వేడెక్కిపోయాయి.

తరవాత అతను తెర మీద ఒక చిన్న లెక్క రాశాడు. ఒక పెట్టె. పెట్టెలో ఒక మనిషి పేరు. అదే పెట్టెలో దిస్‌ని అడిగి ఆ పేరు పైకి చెప్పే ఫంక్షన్ ఒకటి, యారోతో రాసింది. "ఈ పెట్టె ద్వారా దీన్ని పిలిస్తే ఏం చెప్తుంది?" అన్నాడు.

పేరు అక్కడే పక్కనే ఉంది కదా. "పేరు చెప్తుందండి" అన్నాను.

"ఎందుకని?"

ఎందుకనో నాకు తెలియదు. మా చదువులో దారి తప్పితే ఒకటే మార్గం, మళ్లీ మొదటినుంచీ అందుకోవడం. అందుకున్నాను. "మామూలు ఫంక్షను అద్దెకున్నోడు..." అతను ఓపికగా విన్నాడు. "అది సరేనండి, బాగా చెప్పారు. మరి ఇక్కడ?" అని ఆ పెట్టె చూపించాడు. నేను మళ్లీ మొదటికి వెళ్లాను. ఈసారి అతను చెయ్యెత్తి ఆపాడు. పేరు రాదు, ఏమీ లేదు అని వస్తుందని చెప్పి, "పేరు వచ్చేలా దీన్ని మీరు మార్చగలరా?" అన్నాడు. ఒక్క మాట మారిస్తే సరిపోయేది. నా చేతులు కదల్లేదు. రాసి ఉన్నదాన్ని మార్చడం నేను ఏనాడూ చేయలేదు.

సంగతంతా వాళ్ల ఆఫీసువాళ్ల ద్వారా మరదలికి తెలిసింది. ఫోన్ చేసింది. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు.

"నేను సెప్పిందే సెప్పేవట కదా బావా. నా మాటలే, బావాతో సహా."

"ఊఁ."

"అర్థమైందన్నావు కదా నాతోటి?"

"అర్థమవ్వడం అంటే వేరే ఉంటాదని నాకు తెలీదే" అన్నాను. అంతకంటే నిజం నేనెప్పుడూ చెప్పలేదు.

ఆ కంపెనీ తలుపు మూసుకుపోయింది. మిగతా కంపెనీలకి పంపిన దరఖాస్తులకి జవాబైనా రాలేదు. మావయ్య ఫోన్లు మానేశాడు. ఒకసారి రాజాం నుంచి వచ్చిన చుట్టం, "శృంగవరపుకోటలో పిల్లకి సంబంధాలు చూస్తున్నారట కదా, మీ వాడికే అనుకున్నామే" అని అమ్మతో అని, అమ్మ మొహం చూసి నాలిక కరుచుకున్నాడు. పాఠాలు కూడా అలా అలా తగ్గిపోయాయి. ఆమెకి ఆఫీసు పని, నాకు పెళ్లిళ్ల రోజులు. ల్యాప్‌టాప్ మీద ఉత్తరీయం పడేసేవాణ్ని, రోజుల తరబడి దాన్ని తీసేవాణ్ని కాదు.

మూఢం వెళ్లాక ఒక ఆదివారం, ఊరి చివర కొత్తింట్లో సత్యనారాయణ వ్రతం చేయిస్తున్నాను. మొదట సంకల్పం ఉంటుంది. పూజ చేసేది ఎవరో, ఏ ఊళ్లో, ఏ గోత్రంలో పుట్టారో దేవుడికి చెప్పుకోవడం. చెప్పేది నా నోరు, గోత్రం మాత్రం వాళ్లది. ఆ ఇంటివాళ్లు నన్ను పిలిచారు కాబట్టి ఆ ఇంటి గోత్రం. పొద్దున్న ఇంకో ఇంట్లో ఇంకో గోత్రం చెప్పి వచ్చాను, సాయంత్రం వేరేది చెప్తాను. అదంతా అయ్యాక, ప్రసాదం వేళ, ఆ ఇంటి పెద్దావిడ నా పక్కన కూర్చుని యథాలాపంగా అడిగింది.

"ఇందాకట్నుంచీ మా గోత్రం సెప్తన్నారు. తమరిదేటి బాబూ?"

మా గోత్రం చెప్పాను. ఋషుల పేర్లతో సహా ప్రవర అంతా చెప్పాను. చెప్తూ చెప్తూ ఆగిపోయాను.

సంకల్పంలో నేను మామూలు ఫంక్షన్ని. ఎవరు పిలిస్తే వాళ్ల గోత్రం. సంధ్యవార్చుకునేటప్పుడు నా ప్రవర నేను చెప్పుకుంటాను చూడండి, అప్పుడు యారో ఫంక్షన్ని. ఎవరింట్లో కూర్చుని చెప్పినా, ఎవరు పిలిచి చెప్పమన్నా, నేను పుట్టిన ఇంటిదే వస్తుంది. ఇంటర్వ్యూలో ఆ పెట్టె నన్ను పిలిచిన యజమాని ఇల్లు, అందులో కూర్చోబెట్టినంత మాత్రాన అది నేను పుట్టిన ఇల్లు కాదు. ఆ ఇంట్లో ఎంత పెద్ద పేరున్నా నా ప్రవరలోకి రాదు. రమ్మన్నా రాదు. ఓరి దేవుడా, ఇంతేనా! ఇన్ని నెలలు నేను ఏడ్చింది దీనికా!

దక్షిణ తాంబూలం సంచిలో పడేసుకుని ఇంటికి పరుగెత్తాను. ఆ పెట్టె లెక్క మళ్లీ రాశాను. యారోతో రాసి పిలిస్తే పేరు రాలేదు. యారో తీసేసి మామూలు ఫంక్షన్ పెట్టాను, పేరు వచ్చింది. ఈసారి దాని లోపల ఒక యారో పెట్టాను, ఆ ఫంక్షన్ దిస్‌నే తీసుకుంటుందని ముందే అనుకుని. పేరు వచ్చింది. ఇంకోలా మార్చాను, ఏమొస్తుందో ముందే చెప్పుకుని మరీ చూశాను, అదే వచ్చింది. అది ఎవరూ నాకు చెప్పిన పాఠం కాదు. ఆనందం పట్టలేక మరదలికి ఫోన్ చేశాను.

"ఒసే, విను, మధ్యలో మాటాడకు" అని అంతా చెప్పాను. సంకల్పం, గోత్రం, ప్రవర, పెట్టె, పెద్దావిడ. నా మాటలు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి, తడబడ్డాను కూడా. ఆమె చివరిదాకా విన్నది.

"ఇది నేను సెప్పింది కాదు బావా" అంది.

"కాదు. నాదే."

"బాగా సెప్పేవు. నాకే ఇప్పుడు ఇంకా బాగా తెలిసినాది." ఆమె గొంతు మారిపోయింది. ఏడుస్తోందని అర్థమవడానికి నాకు కాస్త టైము పట్టింది. "ఇన్నాళ్లూ ఎవరేటంటే అదే తిరిగి అనీవోడివి. మీ నాన్న దగ్గర మీ నాన్న మాట, నా దగ్గర నా మాట. మా నాన్న ఉద్యోగం తెమ్మంటే దానికీ తలూపేసేవు. 'మీ పిల్ల నాకు కావాలి మావయ్యా' అని ఒక్కసారైనా నీ నోటితో అంటావేమోనని సూసేను బావా. ఇవాళ నీ మాట ఇన్నాను. ఇవాళ ఇని నేనేటి సేసీది? విజయనగరం సంబంధం, పోయిన వారం తాంబూలాలు ఇచ్చీసుకున్నారు."

మాకెవరూ చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియక మావయ్య నాన్చుతున్నాడట.

"నాన్న పెళ్లికి నిన్నే పురోహితుడిగా పిలుద్దామంటన్నారు, ఇంటి మనిషని. నువ్వు రా బావా. కానీ మంత్రాలు నువ్వు సెప్పకు. నీ గొంతు ఇంటూ నేను పీటల మీద కూసోలేను."

సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక గానీ నాకు ఏడుపు రాలేదు. వచ్చాక ఆగలేదు. తెర మీద నేను రాసినది అలాగే ఉంది, ఒక్క తప్పు లేదు. దాన్ని చూస్తే ఒళ్లు మండి మూత వేసేశాను.

నాకు గొంతు బాగాలేదని మావయ్యకి చెప్పాను. ఆయన ఎందుకని అడగలేదు, బొబ్బిలి నుంచి వేరే ఆయన్ని పిలిపించుకున్నాడు. ఆయన బాగానే చేయించాడు. నేను పందిట్లో ఉండలేక భోజనాల వైపు వెళ్లి వడ్డనలో చేరాను. ఇంటి మనిషిని కదా, ఎవరూ వింతగా చూడలేదు. పెళ్లికూతురూ పెళ్లికొడుకూ కూర్చున్న బంతికి నెయ్యి గిన్నె నా చేతికి వచ్చింది. అతనికి వేశాను. ఆమె విస్తరి దగ్గర వంగాను. ఆమె తలెత్తకుండా అన్నం మీద చెయ్యి అడ్డం పెట్టి, "చాలు బావా" అంది.

నేనింకా వెయ్యనేలేదు.